బోణీ బేరంలో కొన్న కెమెరా

ఉప్పల్ రింగ్ రోడ్డు నుంచి నాచారం చౌరస్తా దాకా ఎంత వెతికినా నాలాగా బేరం చేసే మనిషి మీకు దొరకదు. ఆన్‌లైన్‌లో పద్నాలుగు వేలు పలికే ఫిల్మ్ కెమెరాను నేను మూడున్నర వేలకు కొన్నాను. దొంగ సొత్తు కాదు, పాడైపోయిందీ కాదు. జపాన్‌లో తయారైన ఇనుప ముద్దలాంటి కెమెరా, దానికో మంచి లెన్సు, తోలు కవరు, కవరుకు మెడలో వేసుకునే పట్టీ. అదనంగా నేను పెట్టిన పెట్టుబడి ఒక అబద్ధం. అదీ చిన్నదే. లెన్సులో ఫంగస్ ఉందన్నాను.

ఈ కథ మా ఆదివారం ఫొటోల గుంపులో చాలాసార్లు చెప్పుకున్నాను. ధర దగ్గరికి వచ్చేసరికి కాస్త ఆగేదాన్ని, వినేవాళ్లు నోరు తెరవడానికి వీలుగా. కొన్నాక ఏం జరిగిందో మాత్రం వాళ్లకెప్పుడూ చెప్పలేదు.

మా నాన్నది ఉప్పల్‌లో స్టీలు సామాన్ల దుకాణం. బడి నుంచి వచ్చాక బిందెల వరస వెనక కూర్చుని హోంవర్కు చేసుకునేదాన్ని. అక్కడ ఎక్కాలకంటే ముందు గిరాకీని చదవడం వచ్చింది. బిందె బాగుందని మెచ్చుకున్న ఆవిడ మెచ్చుకుని వెళ్లిపోతుంది. "గిదేంది అన్నా, అడుగు గింత పల్సగున్నది" అని మొహం చిట్లించిన ఆవిడ కొంటుంది. నాన్న ఆ మాటకు ఎప్పుడూ నొచ్చుకోలేదు. అడుగు పల్చగా లేదని ఆవిడకూ తెలుసు, ఆయనకూ తెలుసు. "నీకోసమని ఇరవై తగ్గిస్త తీయ్ చెల్లె" అనేవాడు. వంక పెట్టడమంటే మా ఇంట్లో అబద్ధమాడటం కాదు. బేరంలో అదొక మెట్టు. ఎక్కుతాం, దిగుతాం. ఆ మాటను ఎవరూ ఇంటికి మోసుకుపోరు.

ఇక రెండోది బోణీ. పొద్దున షట్టర్ తీయగానే వచ్చిన మొదటి మనిషి ఉత్త చేతులతో వెళ్లిపోతే ఆ రోజంతా గల్లా పెట్టె అలాగే ఖాళీగా చూస్తుందని మావాళ్ల నమ్మకం. అందుకని మొదటి బేరంలో నాన్న లాభం చూసుకునేవాడు కాదు. ఒక్కోసారి కొన్న ధరకే ఇచ్చేసి, వచ్చిన నోటును కళ్లకద్దుకుని లోపల వేసేవాడు. ఈ రెండు సంగతులూ తెలిసిన మనిషి అమ్మడానికి కాకుండా కొనడానికి బయల్దేరితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

పెద్దయ్యాక నేను ఆ దుకాణంలో కూర్చోలేదు. ఒక ప్రైవేటు కంపెనీలో లెక్కలు రాస్తాను. నలభై దాటాక ఫొటోల పిచ్చి పట్టింది. ఆదివారం పొద్దున్నే కెమెరాలు వేసుకుని నాగోల్ దగ్గర మూసీ ఒడ్డుకో, చర్లపల్లి కొత్త స్టేషన్‌కో పోయే గుంపు ఒకటి ఉంది, ఎక్కువమంది సాఫ్ట్‌వేర్ పిల్లలు. నేను వాళ్లకు అక్కను. వాళ్లలో కొందరు ఫిల్మ్ మీద తీస్తారు. నేను ఫోనుతో అదే గోడను పాతికసార్లు తీసేలోపు ఫిల్మ్ కెమెరా పిల్లవాడు గోడ ముందు నిలబడి ఎండ ఎటు జరుగుతుందో చూసి, ఒక్కసారి నొక్కి, ముందుకు నడిచేవాడు. ఆ ఒక్క నొక్కుడు మీద నాకు కన్ను పడింది.

రెండు నెలలు కెమెరాల గురించి చదివాను. ఆటోమేటిక్ వద్దనుకున్నాను, లోపలి సర్క్యూట్ పోతే బాగుచేసేవాళ్లు లేరు. పూర్తిగా మెకానికల్ కావాలి, బ్యాటరీ లేకపోయినా షట్టర్ పడాలి. పాత కెమెరా కొనేటప్పుడు వెనక తలుపు తెరిచి అంచుల్లో నల్ల స్పాంజి జిగురైపోయిందేమో చూడాలని, లెన్సులోకి ఫోను టార్చి వేసి సాలెగూడులాంటి ఫంగస్ ఉందేమో చూడాలని ఆ పిల్లలే నేర్పారు. ఆన్‌లైన్ ధరలు చూసినప్పుడల్లా మా నాన్న రక్తం ఉడికేది, నా ఒంట్లో.

నాచారంలో ఇండస్ట్రియల్ ఏరియాకు పోయే దారిలో ఒక చిన్న దుకాణం ఉంది. జిరాక్సు, లామినేషన్, పాస్‌పోర్టు ఫొటోలు. ఒకప్పుడు అది ఫొటో స్టూడియో. నడిపే ఆయనకు అరవై దాటాయి. భార్య జిరాక్సు మెషీను చూసుకుంటుంది. ఒకసారి ఆఫీసు పనికి ఫొటో కోసం వెళ్లాను. గోడ నిండా ఫ్రేములు. చర్చి మెట్ల మీద పెళ్లి జంటలు, నీళ్ల తొట్టిలోంచి లేస్తూ కళ్లు మూసుకున్న బాప్తిస్మం పిల్ల, ఫ్యాక్టరీ గేటు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ కార్మికులు. కింద గాజు బీరువాలో, పాత ఆల్బమ్‌ల పక్కన, ఆ కెమెరా.

నేను దాని వైపు చూడలేదు. ఇదీ దుకాణంలో నేర్చిందే. గోడ చూశాను, ఫ్యాను చూశాను, క్యాలెండరు మీది వాక్యం చదివాను, వెళ్లేముందు చెప్పులు వేసుకుంటూ అడిగాను, "అదేంది అంకుల్, పాత కెమెరానా?"

"గోడ మీదివన్ని దాంతోనే తీసిన బిడ్డా," అన్నాడాయన. "ఇప్పుడు కండ్లల్ల పొర వచ్చింది. ఫోకస్ దొరుకతలేదు. మంచిగ వాడెటోళ్లు దొరికితే ఇచ్చేద్దామని."

"ఎంతకు?"

"ఎనిమిది వేలు అనుకుంటున్న."

"చూద్దాం లెండి" అని వచ్చేశాను. ఎనిమిది వేలు న్యాయమైన ధర అని నాకు తెలుసు. న్యాయమైన ధరకు కొనడానికి నేనెందుకు, ఎవరైనా కొంటారు.

మర్నాడు ఆయన షట్టర్ ఎత్తుతుండగానే మెట్టు మీద నిలబడి ఉన్నాను. భార్య అప్పుడే నేల తుడిచింది. ఆయన కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకుని కుర్చీలో కూర్చున్నాడు.

"బోణీ నాదే అంకుల్," అన్నాను, తెలియాలని.

"ప్రార్థన జేసుకునే ఇంట్ల బోణీ ఏందమ్మా అంటడు మా పాస్టరు," అని నవ్వాడాయన. "గాని దుకాణం దుకాణమే గదా. కూసో."

కెమెరా చేతికిచ్చాడు. బరువుగా, చల్లగా ఉంది. వెనక తలుపు తెరిచాను. స్పాంజి నిజంగానే కరిగి తారులా వేలికి అంటింది. వెలుగును కొలిచే లైట్ మీటరు ముల్లు కదల్లేదు. ఈ రెండూ నిజమైన లోపాలు. ఈ రెండూ చెప్పి ఆరు వేలకు అడిగి ఉంటే పద్ధతిగా ఉండేది. నాకది చాలలేదు. ఫోను టార్చి వెలిగించి లెన్సులోకి చూశాను. కొత్త గాజులా మెరుస్తోంది. నాన్న బిందెల దుకాణంలో ఆడవాళ్లు ఎలా చిట్లించేవారో అచ్చం అలా మొహం పెట్టాను.

"అయ్యో అంకుల్, లెన్సుల ఫంగస్ ఉన్నదే."

ఇక్కడ ఆయన "ఫంగస్ లేదు గింగస్ లేదు, నీకోసం ఏడు వేలకు ఇస్త" అనాలి. నేను దానికోసమే ఎదురుచూస్తున్నాను. ఆయన అనలేదు. లేచి వచ్చి లెన్సును కంటికి ఆనించుకున్నాడు, దూరం పెట్టాడు, మళ్లీ దగ్గరికి తెచ్చుకున్నాడు.

"నాకు అంత మబ్బుగనే కనిపిస్తది. ఏయ్, ఇటు రా. నువ్వు చూడు."

భార్య చెయ్యి చీరకు తుడుచుకుంటూ వచ్చింది. నేను టార్చిని కాస్త పక్కకు వంచి పట్టుకుని, "గా అంచున చూడండి ఆంటీ, తెల్లగ, దారాలోలె" అన్నాను. వెలుగు గాజు మీద పడి తెల్లగా మెరిసింది.

"అవునండి, తెల్లగ ఏదో ఉన్నది," అందామె.

ఆయన కెమెరాను బల్ల మీద పెట్టాడు. తరవాత అడిగాడు. "ఎప్పటి సంది ఉంటదమ్మా అది?"

ఇది బేరంలో లేని ప్రశ్న. తెలియదనొచ్చు. కాని నేను మెట్టు ఎక్కేశాను, దిగడం చేతకాలేదు.

"చాలా యేండ్ల సంది ఉన్నట్టున్నది అంకుల్."

ఆయన గోడ వైపు తిరిగాడు. ఆ చూపు నాకిప్పుడు గుర్తుంది. అప్పుడు మాత్రం, ఇదే అదను అనుకున్నాను.

"మూడు వేలకైతే తీసుకుంట."

"సరే బిడ్డా."

"ఎనిమిది అంటివి గదా," అంది భార్య.

"పాడైన సామానుకు ఎనిమిదెట్ల తీసుకుంటం? పాపం జెయ్యమంటవా?"

ఎదురుబేరం లేదు. నాకు కాస్త చప్పగా అనిపించింది. అందుకని నా అంతట నేనే ఇంకో అయిదు వందలు ఎక్కువిచ్చాను. ఆ అయిదు వందలకు నా మంచితనం నాకే ముచ్చటేసింది. దారంతా కెమెరాను ఒళ్లో పెట్టుకుని, షేర్ ఆటోలో పక్కావిడకు కూడా ధర చెప్పాను.

మొదటి రోలు చిల్కానగర్ సందుల్లో తీశాను. ల్యాబు నుంచి స్కానులు వచ్చాక ఫోనులో పెద్దవి చేసి చూసుకున్నాను. పూలమ్మే ఆవిడ మూరలో ఒక్కొక్క మొగ్గా, దారం ముడీ కూడా విడిగా కనిపిస్తున్నాయి. బాగున్నవి రెండు మూడు ప్రింటు వేయించి సంచిలో పెట్టుకు తిరిగాను. గుంపులో ఒక పిల్లవాడు లెన్సులోకి టార్చి వేసి, "అక్కా, గింత సాఫ్ లెన్సు నేను సూడలే. లాటరీ కొట్టినవ్" అన్నాడు. సిగ్గుపడాల్సింది అప్పుడే. నేను పడలేదు. స్పాంజి మార్పించి, మీటరు బాగు చేయించి, కథను ఇంకాస్త నునుపు చేసి చెప్పుకున్నాను.

రెండు నెలలు గడిచాక మళ్లీ నాచారం వెళ్లాను. పశ్చాత్తాపంతో కాదు. ఆయన దగ్గర ఒక పాత ఫ్లాషు కూడా ఉందని కెమెరా కొన్న రోజే విన్నాను, అదీ చవగ్గా వస్తుందేమోనని. మళ్లీ షట్టర్ తీసే వేళకే.

గోడ ఖాళీగా ఉంది. ఫ్రేములున్న చోటల్లా సున్నం మిగతా గోడకంటే తెల్లగా, నలుచదరంగా కనిపిస్తోంది. మేకులు అలాగే ఉన్నాయి.

ఆయన టీ తేవడానికి పోయాడు. భార్య జిరాక్సు మెషీనులో కాగితాలు సర్దుతోంది.

"సున్నం ఏయిస్తున్నరా ఆంటీ?"

"సున్నం లేదు ఏం లేదు. నువ్వు గా మాట అన్నప్పటి సంది ఆయనకు ఇదే రంది. రోజూ పొద్దుగాల వచ్చి ఒక్కో ఫొటో ముంగట నిలవడి, ఇదీ మబ్బుగనే ఉన్నది, ఇదీ మబ్బుగనే ఉన్నది అంటడు. మొన్నటిదాంక నా కండ్లల్ల పొర అనుకుంటుండె. ఇప్పుడు పొర కండ్లల్ల లేదే, ఫొటోలల్లనే ఉన్నది అంటుండు. జనం మొహమాటానికి మంచిగున్నయని అన్నరంట. పైసలు దీసుకుని ఖరాబు ఫొటోలు ఇచ్చిన్నని ఏడ్పు. అన్ని దీసి అటక మీద పడేసిండు."

"కండ్ల ఆపరేషన్ చేయించలేదా?"

"తారీఖు ఇచ్చిన్రు, పోలే. ఏం సూసేదున్నదని అంటడు."

నేను కూర్చున్నాను. సంచిలో కెమెరా ఉంది. ఫ్లాషు అడగడానికి తెచ్చుకున్న డబ్బులున్నాయి. లేచి వెళ్లిపోవచ్చని కూడా అనిపించింది, ఆమెకు నా పేరు కూడా తెలియదు. ఈలోగా ఆయన టీ ఫ్లాస్కుతో వచ్చి, నేను నమస్తే అంటే గొంతును బట్టి గుర్తుపట్టి, "మంచిగున్నవా బిడ్డా? గా కెమెరా ఏమన్న పనికొచ్చిందా?" అని అడిగాడు.

"మస్తు పని జేస్తుంది అంకుల్. లెన్సు మంచిగున్నది," అన్నాను. ప్రింట్లు తీసి చేతిలో పెట్టాను. ఆయన వాటిని చూడకుండానే తిరిగిచ్చాడు.

"సాఫ్ చేయించి ఉంటవ్."

"లేదంకుల్. చేయించలే."

"నా మనసుకు అని చెప్తున్నవ్. మంచిదానివి బిడ్డా."

లేని ఫంగస్‌ను ఒక్క మాటతో నమ్మించిన నేను ఉన్న గాజును నమ్మించలేకపోతున్నాను. లెన్సు ఎంత మంచిదో ఎంతసేపు చెప్పినా లాభం లేదు, నేనెంత మంచిదాన్నో చెబితే తప్ప.

"బేరం కోసం చెప్పిన అంకుల్. ఫంగస్ లేదు. అప్పుడు గూడ లేదు. మా నాయనది దుకాణం. గట్ల వంక పెడితే తగ్గిస్తరని అన్న."

"నాకు గూడ కనిపించింది గదనే," అంది భార్య.

"టార్చి వంకరగ పట్టిన ఆంటీ. గాజు మీద ఎలుగు అది."

జిరాక్సు మెషీను గుర్రుమంటూ ఉంది. ఆమె దాన్ని ఆపేసింది.

"సంవత్సరం సంది ప్రార్థన జేస్తుండు, మంచిగ వాడెటోళ్లకు పోవాలె అని. నా కాడ పైసలు గింతే ఉన్నయి అని నువ్వంటే ఉత్తగనే ఇస్తుండె గదా. గింత సదువుకున్నవ్, గింత ముచ్చట అడగరాలే నీకు?"

ఆయన కోప్పడతాడనుకున్నాను. ఆయన ఫ్లాస్కు మూత తిప్పుతూ, తిప్పుతూ, అడిగాడు.

"యేండ్ల సంది ఉన్నది అన్నవు గదా. గది గూడ బేరానికేనా?"

"అవునంకుల్."

"గది అననీకి నీకేం ఒచ్చిందమ్మా? ఫంగస్ అన్నదానికే ధర తగ్గుతుండె గదా."

నేను ప్రింట్లను మళ్లీ సంచిలో పెట్టేసుకున్నాను.

"నెగటివ్‌లు?" అని అడిగింది భార్య, నన్ను కాదు, ఆయన్ని. ఆయన తల దించుకున్నాడు. అప్పుడు తెలిసింది. ఫ్రేములైతే అటక మీద ఉన్నాయి. నెగటివ్‌లు, అన్ని పెళ్లిళ్లవీ, మళ్లీ ప్రింటు వేయడానికి కవర్లలో సర్దిపెట్టిన ఫిల్ము ముక్కలన్నీ, పాత సామాన్ల బండికి వేసేశాడు.

ఆ రోజు ఆఫీసుకు పోలేదు. ఆ బండివాడు సామాను వేసే దుకాణం చిల్కానగర్ పోయే దారిలో దొరికింది. రేకుల కింద గుట్టలు గుట్టలుగా అట్టలు, సీసాలు. "నెగటివ్‌లా? అవి ఎప్పుడో లారీ ఎక్కినయి మేడం," అన్నాడు దుకాణమతను. ఎంతిస్తే తెప్పిస్తావని అడిగాను. నా మొహం చూసి నవ్వాడు. "లేని సరుకుకు బేరమేంది మేడం?"

మర్నాడు పొద్దున మళ్లీ నాచారం. ఎవరూ రమ్మనలేదు. స్టూలు ఎక్కి అటక మీంచి ఫ్రేములు దించి, బూజు దులిపి, తెల్లటి చదరాల కొలతలు చూసుకుంటూ ఒక్కొక్కటీ వాటి వాటి చోట్లకు ఎక్కించాను. ఆయన కుర్చీలో కూర్చుని ఏది ఎక్కడో చెబుతున్నాడు, చూసి కాదు, గుర్తుండి. మధ్యలో ఒకావిడ వచ్చింది. చనిపోయిన తన అమ్మ ఫొటో పెద్దది చేయించాలట, ఈయనే ఫలానా పెళ్లిలో తీశారట. ఆయన "నెగటివ్ లేదమ్మా, పోయింది" అన్నాడు. ఎలా పోయిందో చెప్పలేదు. స్టూలు మీద నేను గోడ వైపు తిరిగి మేకు సరిచేస్తున్నట్టు నిలబడిపోయాను.

దిగాక ఎనిమిది వేలకు తక్కువైన నాలుగున్నర వేలు తీసి ఇవ్వబోతే ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. భార్య తీసుకుంది. ఆ పూట వాళ్లకు అదే మొదటి డబ్బు. కళ్లకద్దుకోలేదు. సొరుగు లాగి వేసేసింది.

"నువ్వు చెప్పింది నిజమో, ఇదిగూడ అబద్ధమో నాకేమెరుక," అన్నాడాయన, నేను చెప్పులు వేసుకుంటుంటే. "కండ్లు చేయించుకుని నేనే చూసుకుంట."

నెల తరవాత ఒక ఫోను వచ్చింది, స్టూలు ఎక్కిన రోజు నా దగ్గర నంబరు రాయించుకున్న ఆయన భార్య నుంచి. పలకరింపు లేదు. "పై వరసల మూడో ఫొటో వంకరగ పెట్టినవంట. వచ్చి సక్కగ జేసి పొమ్మంటుండు."

వెళ్లి సరిచేశాను. ఆయన ఆపరేషన్ తరవాతి నల్ల కళ్లద్దాలు పెట్టుకుని కింద నిలబడి, "జర ఎడమకు. ఇంకా. ఆఁ, చాలు" అన్నాడు. ఫ్లాషు సంగతి నేను ఎత్తలేదు.

ఇక లెక్క. కెమెరాకు మొదట ఇచ్చింది మూడు వేల అయిదు వందలు. తరవాత ఇచ్చింది నాలుగు వేల అయిదు వందలు. స్పాంజికి, మీటరుకు, అంటే అందులో నిజంగా ఉన్న లోపాలకు, పన్నెండు వందలు. మొత్తం తొమ్మిది వేల రెండు వందలు. ఆన్‌లైన్ ధర పద్నాలుగు వేలు. ఈ తీసివేత వేయకూడదని చాలా రోజులు ఆపుకున్నాను, వేయకుండా ఉండలేకపోయాను. నాలుగు వేల ఎనిమిది వందలు నాకింకా లాభమే. నెగటివ్ కోసం ఆ దుకాణం మెట్టెక్కి ఉత్త చేతులతో దిగిపోతున్నవాళ్లు కడుతున్నది అందులో కలపలేదు.